నడుస్తున్న ప్రోగ్రామ్‌నే అడుగుదాం

నేను సర్వర్లు చూసుకునే ఇంజనీరును. ప్రోగ్రామ్ నెమ్మదిస్తే మా గదిలో ముందు మొదలయ్యేవి ఊహాగానాలే. డేటాబేస్ అని ఒకరు, నెట్‌వర్క్ అని ఇంకొకరు. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఊహించకండి, నడుస్తున్న ప్రోగ్రామ్‌నే అడగండి.

ప్రోగ్రామ్‌లో ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. పిలిచేటప్పుడు అందించే విలువలే ఆర్గ్యుమెంట్లు. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల మీద లినక్స్‌లో సీ ప్రోగ్రాములకు ఒక కట్టుబాటు ఉంది. మొదటి 6 పూర్ణాంకాలు, చిరునామాలు ఆర్‌డీఐ, ఆర్‌ఎస్‌ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్8, ఆర్9 అనే రిజిస్టర్లలో, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గూళ్లలో వెళ్తాయి. ఫలితం ఆర్‌ఏఎక్స్‌లో తిరిగొస్తుంది. ఫంక్షన్ గడప దగ్గర నిలబడి ఆ రిజిస్టర్లు చూడగలిగితే చాలు, లోపలికి ఏం వెళ్తోందో తెలిసిపోతుంది.

సన్ సంస్థ ఇంజనీర్లు బ్రయాన్ కాంట్రిల్, మైక్ షపీరో, ఆడమ్ లెవెంతాల్ రూపొందించిన డీట్రేస్ అనే సాధనం 2005లో సొలారిస్ 10తో పాటు వచ్చి ఈ పనికి దారి చూపింది. లినక్స్‌లో ఇదే పని చేసే యూప్రోబ్స్ సౌకర్యం 2012లో 3.5 కెర్నెల్‌లో చేరింది. ఆ కోడ్ రచయితల్లో శ్రీకర్ ద్రోణంరాజు పేరు చూసినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. యూప్రోబ్స్ ఫంక్షన్ మొదట్లో 1 బైటు బ్రేక్‌పాయింట్ పెడుతుంది. ప్రోగ్రామ్ అక్కడికి రాగానే కెర్నెల్ అందుకుని, రిజిస్టర్లు చదివి, అసలు ఇన్‌స్ట్రక్షన్ జరిపించి ముందుకు పంపేస్తుంది. కోడ్ మార్చక్కర్లేదు, ప్రోగ్రామ్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు.

ఒక బిల్లింగ్ ప్రోగ్రామ్ ఉన్నట్టుండి కొన్ని సెకన్లు ఆగిపోతుండేది. యూప్రోబ్స్‌ను వాడుకునే బీపీఎఫ్‌ట్రేస్ అనే సాధనంతో, కంప్యూటర్ పేరు నుంచి చిరునామా వెతికే గెట్‌అడ్రస్‌ఇన్ఫో ఫంక్షన్ దగ్గర కాపు కాశాం. ఆ సాధనం ఆర్గ్0 అని పిలిచే మొదటి ఆర్గ్యుమెంట్‌లో పేరు ఉండదు, పేరు దాచిన చోటు చిరునామా ఉంటుంది. అక్కడి అక్షరాలు చదివించాం. ఫంక్షన్ తిరిగొచ్చే చోట మరో ప్రోబ్ పెట్టి పట్టిన సమయం లెక్కగట్టాం. ఎప్పుడో తీసేసిన సర్వర్ పేరు తెరమీద పదేపదే వచ్చింది, ప్రతిసారీ సెకన్ల జాప్యంతో. సెట్టింగుల ఫైలులో ఆ ఒక్క పేరు తీసేయగానే ఆగడం పోయింది. డేటాబేస్ మీద వాదన అంతటితో ముగిసింది.

అన్నీ ఇంత సులువుగా చదవలేం. దశాంశ సంఖ్యలు వేరే రిజిస్టర్లలో వెళ్తాయి. కంపైలర్ ఇన్‌లైన్ చేసిన, అంటే పిలిచిన చోటే కలిపేసిన ఫంక్షన్‌కు విడిగా మొదలంటూ ఉండదు. గో భాష 2021లో వచ్చిన 1.17 నుంచి తనదైన రిజిస్టర్ల వరస పాటిస్తోంది. అంతకుముందు అన్నీ మెమరీలోని స్టాక్‌లోనే. సెకనుకు లక్షలసార్లు నడిచే ఫంక్షన్ మీద ప్రోబ్ పెడితే ప్రోగ్రామే నెమ్మదిస్తుంది.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఎస్‌ఎస్‌ఎల్_రైట్ ఫంక్షన్ రెండో ఆర్గ్యుమెంట్ చూపేచోట ఉండేది ఇంకా గుప్తీకరించని సమాచారం. జనం పాస్‌వర్డులు, కార్డు నంబర్లు అందులో ఉండొచ్చు. వీటిని చదవడానికి సాంకేతికంగా రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం ఉంటే చాలు. నా దృష్టిలో అది మాత్రమే సరిపోదు. సమస్యకు అవసరమైన ఆర్గ్యుమెంటే చదవాలి, అనుమతి తీసుకునే చదవాలి, పని కాగానే ఆ రికార్డు చెరిపేయాలి. ఈ మూడింటికీ ఒప్పుకున్నాకే మా బృందంలో ఎవరికైనా రూట్ ఇవ్వాలని నేను పట్టుబడతాను.