గిట్ట కింద నేల

ఆవు బరువా, ట్రాక్టరు బరువా? చిన్నపిల్లాడైనా ట్రాక్టరనే చెబుతాడు. నేలకు మాత్రం ఆ లెక్క పట్టదు. ట్రాక్టరు బరువు వెడల్పాటి టైర్ల మీద పరుచుకుంటుంది. ఆవు తన బరువంతా నాలుగు గిట్టల మీదే మోపుతుంది, నడుస్తుంటే ఇంకా తక్కువ గిట్టల మీద. చదరపు అంగుళానికి చూస్తే ఒక్కోసారి ఆవు తొక్కుడే ఎక్కువ. ఎండిన బీడు దాన్ని తట్టుకుంటుంది. వాన వెలిసీ వెలియకముందే పశువులను తోలితేనే చిక్కు: పై బెత్తెడు మట్టి గట్టిపడిపోతుంది. ఆపై కురిసిన వాన ఇంకకుండా పారిపోతుంది.

ఆవు మూత్రం పోసిన జాగా చాపంత కూడా ఉండదు. అక్కడ పడే నత్రజనిని హెక్టారు లెక్కకు మారిస్తే 1,000 కిలోల దాకా వస్తుంది. మన భాషలో ఎకరానికి దాదాపు 20 బస్తాల యూరియా! వరికి రెండు మూడు బస్తాలు వేసే రైతు వింటే గుండె గుభేల్‌మంటుంది. గడ్డి అంతా పీల్చుకోలేదు. మిగిలింది నైట్రేటుగా భూగర్భ జలంలోకి దిగుతుంది. న్యూజిలాండ్‌లో టౌపో సరస్సును కాపాడుకోవడానికి చుట్టుపక్కల పశువుల రైతులకు నత్రజని కోటా పెట్టింది ఇందుకే.

  

ఇక పేడ. ఆస్ట్రేలియాకు ఆవులు 1788లో ఓడ దిగాయి, పేడపురుగులు దిగలేదు. అక్కడి పురుగులకు తెలిసింది కంగారూల ఎండు గుళికలే. మెత్తటి పేడను అవి పెద్దగా ముట్టుకోలేదు. పేడ కుప్పలు నెలల తరబడి పచ్చిక మీదే ఎండి అట్టలు కట్టేవి. కింద గడ్డి చచ్చేది, చుట్టూ మొలిచినదాన్ని ఆవు ముట్టేది కాదు. వీటికితోడు ఈగలు! ముఖం మీద ముసిరే ఈగలను తోలుకోవడానికి చెయ్యి ఊపడాన్ని ‘ఆస్ట్రేలియా సెల్యూట్’ అని వాళ్లే ఎగతాళి చేసుకునేవారు. జార్జ్ బోర్నెమిస్సా అనే హంగేరీ శాస్త్రవేత్త దీనికి విరుగుడుగా పేడపురుగులనే దిగుమతి చేయించాడు. రోగాలు వెంట రాకుండా గుడ్లను ఫార్మాలిన్‌తో కడిగి, మనుషులు చేత్తో చుట్టిన పేడ ఉండల్లో పెట్టి పొదిగించారు. 40కి పైగా జాతులను వదిలితే సుమారు సగం నిలదొక్కుకున్నాయి. అవి పేడను సొరంగాల్లోకి లాక్కుపోతాయి. అంటే కూలి అడగని దుక్కి, ఎరువు, గుల్లదనం మూడూ ఒకేసారి.

ఈ పురుగుకు గండం నట్టల మందు. పశువుకు వేసిన ఐవర్‌మెక్టిన్ రోజుల తరబడి పేడలో వస్తూనే ఉంటుంది. అందులో పెట్టిన పేడపురుగు పిల్లలు బతకవు. కాబట్టి ఈ వేసవిలో చేలో గొర్రెల మంద కట్టించుకునేవారు బేరం తెగ్గొట్టేముందు కాపరిని ఒక్క మాట అడగండి: నట్టల మందు ఏది వేశావు, ఎప్పుడు వేశావు?