వ్యాయామమునకు మనసేల రాదు?

వ్యాయామము మంచిదని యెఱుగనివారు మన పట్టణములందు గాని పల్లెలందు గాని లేరు. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ననుసరించి 2022లో భారతదేశపు వయోజనులలో ఇంచుమించు సగముమందికి చాలినంత శరీరశ్రమ లేదు. సంస్థవారు కోరునది వారమునకు 150 నిమిషముల వడినడక వంటి శ్రమ మాత్రమే! కావున లోపము తెలివిలో లేదు.

మనసులో నున్నదని మేము తలంచుచున్నాము. కెనడా దేశపు మనశ్శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిన పరిశోధన యొకటి యిచ్చట స్మరింపదగినది. వ్యాయామము చేయబోవువారిని ఎంత సంతోషము కలుగునని ముందుగా నడిగి, చేసినపిమ్మట మరల నడిగిరి. ఊహించినదానికంటె అనుభవించిన సంతోషమే హెచ్చుగా నుండెను. ఏలయన, ముందుచూపులో మనసునకు మొదటి కొద్ది నిమిషములే పెద్దవిగా గోచరించును: పక్క వీడుట, చలి, కీళ్ల బిగువు. ఆపై ఒడలు వేడెక్కి తేలికపడు సంగతి దానికి గుర్తురాదు. చెఱువు గట్టుననే వణకు బాలునివలె మన సంకల్పము గడపకడనే చల్లబడుచున్నది.

మనకు వేఱొక చిక్కును గలదు. నడచుట లేమికి గుర్తని తలంచుచున్నాము. చేనికి నడచిపోవు ఆసామిని జూచి "బండి పాడైనదా?" యని పొరుగువా రడుగుదురు! ఏనుగును ఱొమ్మున నిలిపిన కోడి రామమూర్తినాయుడుగారిని మెచ్చుకొందుము గాని, దేహశ్రమ మల్లులకే గాని మనకు గాదని యూరకుందుము.

లండను బస్సులలో పనిచేయువారిని పరిశీలించి మారిస్ అను వైద్యుడు 1953లో ఒక విశేషము వెల్లడించెను. కూర్చుండి బండి నడపు డ్రైవరులకంటె, దినమెల్ల మేడబస్సు మెట్లెక్కి దిగు కండక్టరులకు హృద్రోగము తక్కువ. డ్రైవరుల నడుము కొలత ఉద్యోగమున జేరునాటికే కొంత పెద్దదని పిదప 1956లో ఆయనయే తెలిపెను గనుక ఘనతయంతయు మెట్లకే కట్టరాదు. అయినను ఆ కండక్టరులు వ్యాయామదీక్ష పూనినవారు గారు. పనియే వారిని నడిపించినది. సంకల్పబలము నమ్ముకొనుటకంటె, నడువక తప్పని యేర్పాటు చేసికొనుట మేలని మా యభిప్రాయము.

ఆ యేర్పాటు అందఱి చేతిలోను లేదు. 2022 లెక్కలో చాలినంత శ్రమ లేనివారు మన పురుషులలో నూటికి 42 మంది కాగా స్త్రీలలో 57 మంది. దీనిని బద్ధకమని తీర్పుచెప్పు పెద్దలు, సంధ్యవేళ తమ వీథిలో స్త్రీ నిర్భయముగా నడువగల బాట యెన్ని గజములున్నదో కొలిచి చూతురు గాక. దుకాణముల సామానులును నిలిపిన వాహనములును ఆక్రమించిన కాలిబాటలను పురపాలక సంఘములవారు ముందుగా ఖాళీ చేయింపవలయును.