పదునైదేండ్ల విద్యార్థి – ఇల్లు విడిచిన పిదప

పదవ తరగతి ఫలితములు వెలువడిన కొలది వారములకు మందమర్రిలోని సింగరేణి క్వార్టర్లలో ఏదో యొక యింట ట్రంకుపెట్టె సర్దుట మొదలగును. బాసర విశ్వవిద్యాలయములో బిడ్డకు చోటు లభించినదను వార్త ఆ యింటికే గాక ఆ వరుసకంతటికిని పండుగ. అక్షరాభ్యాసమునకై తల్లిదండ్రులు తమ పిల్లలను చంకనెత్తుకొని పోవు ఊరికే, పది తరగతులు ముగించుకొని, ఈమారు బిడ్డ చదువుకొరకు ఒంటరిగా పోవుచున్నాడు. పెట్టెలో బట్టలు, పుస్తకములు, పచ్చడి సీసాలు చేరును. ఆరోగ్యమును గూర్చిన యోచన మాత్రము తరచుగా ఇంటనే మిగిలిపోవును. దానిని గూర్చియే మేము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

జనులు ట్రిపుల్ ఐటీ అని పిలుచు రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణములతో 2008లో ఏర్పడినది. పదవ తరగతిలో చూపిన ప్రతిభయే ప్రవేశమునకు ఆధారము. చదువు ఆరేండ్లు: మొదటి రెండేండ్లు ఇంటర్మీడియట్టుకు సమానమైనవి, తక్కిన నాలుగును ఇంజనీరింగు. ఇతర విశ్వవిద్యాలయములలో విద్యార్థి సాధారణముగా పదునెనిమిదవ యేట అడుగిడును; ఇచట పదునైదు, పదునారేండ్లకే. పేరునకు విశ్వవిద్యాలయ విద్యార్థియే యైనను, వయస్సుచేత ఇంకను బాల్యము వీడనివాడు. చట్టము దృష్టిలో సైతము అంతియే. పదునెనిమిదేండ్లు నిండువరకు చికిత్సకు సమ్మతి తెలుపవలసినది తల్లిదండ్రులో సంరక్షకులో. ఈ రెండు స్థితుల నడుమనే చిక్కు అంతయు నున్నది.

2022 జూన్ నెలలో బాసర విద్యార్థులు వసతులు మెరుగుపరుపవలెనని కోరుచు, ఎండకును వానకును వెరువక దినముల తరబడి బైఠాయించిరి. మరుసటి నెలలోనే భోజనము వికటించి అనేకులు అస్వస్థులైరి. వీనిని మరల తలచుట ఎవరినో నిందించుటకు గాదు. వేలమంది కౌమారులు ఒక్కచోట నివసించునపుడు నీరు, అన్నము, నిద్ర, మనస్సు అనునవి చదువునకు వెలుపలి విషయములు కావని గ్రహించుటకే.

మొదట నిద్ర సంగతి. కౌమారమున శరీరములోని గడియారము కొంత వెనుకకు జరుగును. నిద్రవేళను తెలుపు మెలటోనిన్ అను స్రావము పెద్దలలో కంటె ఆలస్యముగా ఊరును. కావున రాత్రి పదిగంటలకు కన్ను మూతపడకుండుట, ఉదయము లేవలేకుండుట కేవలము సోమరితనము కాదు. ఈ వయస్సువారికి దినమునకు ఎనిమిది మొదలు పది గంటల నిద్ర వలయును. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకొన్నను ఒళ్ళు తేలికపడదని బొగ్గుబాయి కార్మికులకు మేము చెప్పనక్కరలేదు. నాడు చదివిన పాఠము జ్ఞాపకమున స్థిరపడుటకు నిద్ర ఎంతయు తోడ్పడును. పరీక్షలముందు దానిని మానుకొన్నవాడు నాటిన విత్తును తానే పెరికివేసికొన్నట్లగును. పడకవద్ద సెల్‌ఫోను ఉంచకుండుట మేలు.

రెండవది రక్తము. ఆడపిల్లలలో రక్తహీనత మెండు. దాని లక్షణములైన అలసట, ఆయాసము, పాఠమునందు మనసు నిలువకుండుట అనువానిని చదువుపై అశ్రద్ధ యని పొరబడుదురు. పదవయేటి నుండి పందొమ్మిదవయేటి వరకు వారమున కొక ఇనుపధాతువు మాత్ర ఇచ్చు పథకము దేశమంతటను కలదు. అందు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. దీనిని భోజనానంతరము వేసికొనవలెను. వెంటనే టీ త్రాగినచో ఇనుము వంటబట్టదు. నిమ్మ, ఉసిరి వంటివి దానికి తోడ్పడును. మలము నల్లబడినచో భయపడరాదు. పాఠశాలలో ఉపాధ్యాయులు చేతికిచ్చిన మాత్రను ఇచట విద్యార్థియే ఆరోగ్యకేంద్రమున అడిగి తీసికొనవలెను. పదునారవయేట వేయవలసిన టిడి టీకా కూడ సరిగా ఇల్లు విడిచిన కాలముననే వచ్చును గనుక, అది మరుగునపడకుండ చూచుకొనవలెను.

మూడవది అంటువ్యాధులు. వసతిగృహములలో మిక్కిలి సామాన్యమైనది గజ్జి. సిగ్గుచే దానిని దాచుటవలననే అది గదినుండి గదికి ప్రాకును. వైద్యుడిచ్చిన మందును దురదయున్న చోటనే గాక మెడనుండి పాదములవరకు పూయవలెను. దురద లేకున్నను గదిలోని వారందరును ఒకేనాడు పూసికొనవలెను. ఒక్కరు మిగిలినను వ్యాధి మరల తిరిగివచ్చును. పక్కబట్టలను వేడినీట ఉతుకవలెను.

ఇక మనస్సు. తన బడిలో ప్రథముడైన బాలుడు బాసరలో తనవంటి ప్రథములు వేయిమంది నడుమ కూర్చుండును. మొదటి పరీక్షలో వెనుకబడినంతనే తాను దేనికిని పనికిరానని తలచును. ఇంటివారి ఆశ, ఇరుగుపొరుగుల ప్రశంస, అన్నియు అప్పుడు బరువులే. భోజనశాలకు పోకుండుట, స్నేహితులను తప్పించుకొనుట, ప్రియమైన వస్తువులను పంచిపెట్టుట, బ్రతికి యేమి లాభమనుట – వీనిని తేలికగా తీసికొనరాదు. చనిపోవలెనను తలంపు కలుగుచున్నదా యని సూటిగా అడిగినచో ఆ తలంపును మనమే పుట్టించినట్లగునని పలువురు భయపడుదురు. అది నిజము కాదు. అట్లడుగుట ఆ బిడ్డ బరువును కొంత దింపును.

100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను శిక్షణగల మనోవైద్య సలహాదారు ఒక్కరైనను ఉండవలెననియు, మార్కులనుబట్టి విద్యార్థులను వేరుచేసి అవమానింపరాదనియు 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించినది. కావున మీ బిడ్డ చేరిన చోట సలహాదారు ఎవరు, ఏ వేళలలో దొరకుదురు అని అడుగుట మీ హక్కు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ సేవ 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్ళు, ఉచితముగా, తెలుగులో లభించును.

బొగ్గుబాయిలో అనుభవముగల కార్మికుడు పైకప్పును తట్టి వినును. గట్టిగానున్న బండ ఒకతీరున మ్రోగును. వదులైనది బోలుగా పలుకును. చూపునకు రెండును ఒక్కటే. దూరముననున్న బిడ్డను గూర్చి మనము తెలిసికొను మార్గమును అట్టిదే. “మార్కులెన్ని?” అని అడిగినచో “మంచిగనే వచ్చినయి బాపూ” అను జవాబే వచ్చును, అందు ఏమియు వినబడదు. “అన్నం తిన్నవా బిడ్డా? ఎవరితోటి కూసొని తిన్నవు? రాత్రి ఎన్నింటికి పన్నవు?” అని అడుగుడు. జవాబు వచ్చుటకు పట్టిన జాగును గమనింపుడు. ఒక్కడే తినుచున్నాడని వారముల తరబడి తెలిసినచో బయలుదేరి వెళ్ళుడు. మందమర్రి కాజీపేట–బల్హార్షా రైలుమార్గమున, బాసర నిజామాబాదు–నాందేడు మార్గమున ఉన్నవి. ప్రయాణము సుళువు కాదు. ఐనను ఒక దినపు మస్టరు పోయినను ఆ ప్రయాణము నష్టము కాదు.

తుదకు ట్రంకుపెట్టె మాట. అందొక కాగితము ఉంచుడు. బిడ్డ రక్తవర్గము, పడని మందులు, వాడుచున్న మందులు, వేసిన టీకాల తేదీలు, ఇంటివారి ఫోను సంఖ్యలు రెండు, 14416 – ఇవి దానిపై వ్రాయుడు. అత్యవసరమున చికిత్సకు సమ్మతించుచున్నామను సంతకపు పత్రమును దానికి జతచేసి, ఒక నకలు వార్డెనుకు అందజేయుడు. ఇల్లు తాళము వేయుటకు ముందు ఆ కాగితము పెట్టెలో నున్నదో లేదో ఒకమారు చూచుకొనుడు.