డాబా కారితే డబ్బులెవరివి?

ఎండాకాలం వడియాలు పెట్టుకోడానికి, మిరపకాయలు ఆరబోసుకోడానికి డాబా అందరిదీ. వర్షాకాలం కారితే మాత్రం పై అంతస్తు వాళ్ళది! మారేడ్‌పల్లి, పద్మారావునగర్, సీతాఫల్‌మండి వైపు పాత ఇళ్ళు పడగొట్టి కట్టిన ఎనిమిది, పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లలో ఈ తగవు మామూలే. “కారేది మీ ఇల్లు కదండీ, మాకేం సంబంధం?” అంటారు కిందివాళ్ళు. పై ఇంటావిడ బకెట్లు పెట్టుకుంటూ కూర్చోవాలి.

సంబంధం ఉందండీ. ఉమ్మడి రాష్ట్రంలో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం తెలంగాణలోనూ ఉంది. దాని ప్రకారం ఉమ్మడి స్థలాల్లో ప్రతి ఫ్లాటుకీ విడదీయరాని వాటా ఉంటుంది. వాటా ఉన్నప్పుడు ఖర్చూ ఉంటుంది. లోపల సీలింగుకి రంగులు ఎవరు వేయించాలన్నది వేరే సంగతి, అదీ ముందే మాట్లాడుకోవాలి.

మరి ఎవరెంత? అసలు గొడవంతా ఇక్కడే. 1000 చదరపు అడుగుల ఫ్లాట్లు ఆరు, 1500వి రెండు ఉన్నాయనుకోండి. రిపేరుకి 90 వేలు అయితే సమానంగా పంచితే తలా 11,250. అడుగుల లెక్కన అయితే చిన్నవాళ్ళకి 10 వేలు, పెద్దవాళ్ళకి 15 వేలు. మీ బైలాస్‌లో ఏముందో అదే పద్ధతి. పని మొదలయ్యాక లెక్క తీస్తే మాత్రం ఎవరికి లాభమో వాళ్ళు అదే న్యాయం అంటారు!

ఫ్లాటు మీ పేరున రిజిస్టరై ఉంటే ఓటు మీదే. మీటింగుకి ఆయన్ని పంపి ఊరుకోకండి. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో రోజంతా చూసేది మీరేగా.

మూడు కొటేషన్లు తెప్పించి, మీటింగులో చదివి, మినిట్సు పుస్తకంలో సంతకాలు పెట్టించండి. అమెరికాలో ఉన్న ఓనర్ల దగ్గర ఈమెయిల్ తెప్పించి ప్రింటు తీసి అందులోనే అంటించాలి. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్ళే తర్వాత “నేనెప్పుడు ఒప్పుకున్నాను?” అంటారు. మోటారు కాలిపోయినప్పుడు మీటింగు దాకా ఆగలేం కనుక, కమిటీ సొంతంగా ఎంతవరకు ఖర్చుపెట్టవచ్చో ముందే రాసుకోవాలి.

బిల్డింగు కొత్తదైతే చందాలు వేసుకోకముందే బిల్డరుకి రాతపూర్వకంగా చెప్పండి. రెరా కిందకి వచ్చేవాటిలో, స్వాధీనం చేసిన 5 ఏళ్ళలోపు లోపం బయటపడితే 30 రోజుల్లో ఆయనే సొంత ఖర్చుతో బాగుచెయ్యాలి.

మృగశిర కార్తె రాకముందే పని అయిపోవాలి. అయ్యాక డాబా మీద రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి, పై ఇంటి సీలింగు తడవలేదని చూసుకున్నాకే మేస్త్రీకి ఆఖరి వాయిదా ఇవ్వండి.