నక్షత్రాల ఉత్పత్తిని లెక్కించేదెలా?

మన కర్మాగారాలలో ఒకనాటి ఉత్పత్తి ఎంతో తెలుసుకోవడం కష్టం కాదు. షిఫ్టు ముగిసేసరికి ఆ అంకె పుస్తకానికి ఎక్కుతుంది. కాని ఒక గెలాక్సీ ఏడాదికి ఎన్ని నక్షత్రాలను తయారు చేస్తున్నదో తెలుసుకోవడమెలా? ఒక్క నక్షత్రం రూపుదిద్దుకోవడానికే లక్షల సంవత్సరాలు పడుతుంది. దూరపు గెలాక్సీలలో నక్షత్రాలు మనకు విడివిడిగా కనిపించవు కూడా. అయినా ఖగోళ శాస్త్రజ్ఞులు ఈ లెక్క కట్టగలుగుతున్నారు.

ఈ లెక్కకు ఆధారం అల్పాయుష్కులైన పెద్ద నక్షత్రాలు. సూర్యుని వంటి నక్షత్రం దాదాపు 1,000 కోట్ల సంవత్సరాలు జీవిస్తుంది. సూర్యునికన్నా ఇరవై ముప్పై రెట్లు బరువైన నక్షత్రమో, తన ఇంధనాన్ని విచ్చలవిడిగా ఖర్చు చేసి కోటి సంవత్సరాల లోపే అంతరిస్తుంది. కనుక అట్టి నక్షత్రాల వెలుగు కనిపించిన చోట నక్షత్ర జననం ఇటీవలిదేనని గ్రహించవచ్చు. ఒక పెద్ద నక్షత్రానికి తోడుగా ఎన్ని చిన్న నక్షత్రాలు పుడతాయో అంచనా వేసే సూత్రాన్ని 1955లో ఎడ్విన్ సాల్పీటర్ ప్రతిపాదించారు. తరువాతివారు దానిని సవరించారు. దాని సాయంతో పెద్దవాటిని చూసి మొత్తాన్ని లెక్కిస్తారు.

పెద్ద నక్షత్రాలు అతినీలలోహిత కాంతిని విస్తారంగా వెదజల్లుతాయి. భూవాతావరణం దానిని చాలవరకు అడ్డుకుంటుంది కనుక దూరదర్శినిని అంతరిక్షానికి పంపవలసిందే. 2015 సెప్టెంబరులో శ్రీహరికోట నుండి ప్రయోగించిన మన ఆస్ట్రోశాట్‌లో అట్టి దూరదర్శినిని అమర్చారు. ఈ కాంతి సోకిన హైడ్రోజన్ వాయువు 656.3 నానోమీటర్ల వద్ద ఎర్రగా వెలుగుతుంది. అది మరొక కొలత.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నక్షత్రాలు పుట్టే మేఘాలలో ధూళి దట్టంగా ఉంటుంది. అది కాంతిని మింగి, వేడెక్కి, పరారుణ కిరణాలుగా తిరిగి వెలువరిస్తుంది. కంటికి కనిపించే వెలుగునే నమ్మితే, అందరికన్నా ఎక్కువ శ్రమించే గెలాక్సీయే మనకు సోమరిగా తోచవచ్చు! 1983లో ఐరాస్ ఉపగ్రహం ఆకాశాన్ని దాదాపు పూర్తిగా పరారుణ కాంతిలో పరిశీలించిన తరువాత, ఇట్టి మరుగుపడిన గెలాక్సీలు అనేకం బయటపడ్డాయి. రేడియో తరంగాలకు ధూళి అడ్డు కాదు కనుక అవి కూడా లెక్కకు తోడ్పడతాయి.

ఈ కొలతల ప్రకారం మన పాలపుంత ఏటా సుమారు ఒకటి రెండు సూర్యుల ద్రవ్యరాశి మేరకు కొత్త నక్షత్రాలను తయారు చేస్తున్నది. సప్తర్షి మండలం దిశగా 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎమ్-82 గెలాక్సీలో ఇది సుమారు పది. విశ్వమంతటినీ తీసుకుంటే, 1,000 కోట్ల సంవత్సరాల క్రితం ఉచ్చస్థితిలో ఉన్న ఈ ఉత్పత్తి నేడు దాదాపు పదవ వంతుకు పడిపోయింది.

ఎందువల్ల? పుణె సమీపాన నారాయణ్‌గావ్ వద్ద 30 యాంటెన్నాలతో ఉన్న జి.ఎం.ఆర్.టి. రేడియో దూరదర్శిని ఇందుకు ఒక సమాధానం అందించింది. భారత శాస్త్రజ్ఞులు 7,653 గెలాక్సీలలోని హైడ్రోజన్ నుండి వచ్చే అతి బలహీనమైన సంకేతాలను కలిపి చూచి, 2020లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 800 కోట్ల సంవత్సరాల నాటి ఆ గెలాక్సీలలో వాయువు పుష్కలంగానే ఉన్నది. కాని అవి నక్షత్రాలను తయారు చేస్తున్న వేగానికి ఆ నిల్వ 100, 200 కోట్ల సంవత్సరాలకు మించి చాలదు. ఖర్చయినంత వేగంగా కొత్త వాయువు వచ్చి చేరలేదు, ఉత్పత్తి తగ్గింది.

ముడిసరుకు అందనిదే ఉత్పత్తి సాగదన్నది మనకు నిత్యానుభవం. ఉత్పత్తి అంకెతోపాటు నిల్వ ఎంతో చూచినప్పుడే గెలాక్సీల విషయంలోనూ అసలు కారణం బోధపడింది.