జపాన్‌లో తొలి కాన్పా?

టెస్టులో రెండు గీతలొచ్చాయి. అమ్మేమో విజయవాడలో, మీరేమో టోక్యోలో. కంగారు వద్దు. డాక్టరు నిర్ధారించగానే మీ వార్డు ఆఫీసులో గర్భం సంగతి నమోదు చేయించుకోండి. ‘బోషి కెంకో తెచో’ అనే చిన్న పుస్తకం ఇస్తారు. మీ బీపీ, బరువు, కాన్పు వివరాలు, రేపు బిడ్డకు వేసే టీకాలు... అన్నీ అందులోనే రాస్తారు. ఎప్పుడూ బ్యాగులోనే ఉండాలి. ఇంగ్లిష్ ప్రతి ఉందేమో అడగండి. పరీక్షలకు దాదాపు 14 కూపన్లూ ఇస్తారు.

మామూలు కాన్పును అక్కడ జబ్బుగా లెక్కించరు కాబట్టి బీమా వర్తించదు. బదులుగా బీమా ఉన్నవారికి 2023 ఏప్రిల్ నుంచి 5 లక్షల యెన్లు ఇస్తున్నారు. సిజేరియన్‌కైతే బీమా ఉంటుంది.

నొప్పి తెలియకుండా ఎపిడ్యూరల్ కావాలా? అది అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. ఉన్నచోట కూడా రాత్రిళ్లు ఇస్తారో లేదో మొదటి నెలల్లోనే కనుక్కుని, ఆ తర్వాతే పేరు రాయించుకోండి.

పుట్టింట్లో పురుడు జపాన్ వాళ్లకూ అలవాటే, ‘సతొగాయెరి’ అంటారు. మీకు కుదరకపోతే అమ్మ వీసా పనులు ఇప్పుడే మొదలుపెట్టండి.

బారసాల 21వ రోజున చేద్దామనుకుంటున్నారేమో! జననం 14 రోజుల్లోపే నమోదు చేయించాలి. పేరు ముందే అనుకుని ఉంచుకోండి. బిడ్డ నివాస అనుమతికి దరఖాస్తు గడువు 30 రోజులు.