నీళ్లుంటే చాలదు, పారాలి

మాచర్ల దగ్గరి ఎత్తిపోతల మనకు అందమైన జలపాతం. చేపకు మాత్రం అది సుమారు 70 అడుగుల గోడ. ఆ జలపాతం ఉన్న చంద్రవంక వాగులో పైనున్న చేప వరదకు కొట్టుకొచ్చి కృష్ణలో పడగలదు. కృష్ణలోని చేప ఎంత ఎదురీదినా ఆ గోడ ఎక్కలేదు. ఏ చేప ఎక్కడ ఉండాలో ముందుగా తేల్చేది ఏటి నడకే.

మన పల్నాడు వాగులు వానల్లో ఉరకలెత్తి ఎండలకు మడుగులుగా తెగిపోతాయి. కారెంపూడి నాగులేరైనా అంతే. మడుగు వేడెక్కేకొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గి చిన్న పరిగెలు ముందుగా చచ్చి తేలతాయి. కొర్రమీను నిలుస్తుంది. మూతి పైకెత్తి గాలి మింగుతుంది. మొప్పల పైనున్న ప్రత్యేకమైన గది ఆ గాలిలోంచి ఆక్సిజన్ తీసుకుంటుంది. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మార్పు, ఇంగిలాయి కూడా గాలి పీల్చేవే. వేసవి గట్టెక్కినవే తొలి వరదకు మళ్లీ వాగంతా పరుచుకుంటాయి.

బొచ్చె, ఎర్రమోసు వంటి దేశీ కార్పు చేపలది వేరే కథ. కడుపునిండా గుడ్లున్నా మామూలుగా నిలవనీటిలో పెట్టవు. నీరు పెరగాలి, పారాలి, కొత్తనీటి బురద రావాలి. వాటి గుడ్లు దేనికీ అంటుకోవు. ప్రవాహంలో తేలుతూ దొర్లుతూ ఒక్క రోజు లోపే పిల్లలవుతాయి. ప్రవాహం ఆగితే అడుగుకు దిగి బురదలో కూరుకుపోతాయి. వరద లేకుండానే గుడ్లు పెట్టించే దారీ దొరికింది: 1957 జూలై 10న కటక్‌లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదిమందుగా ఎక్కించి దేశీ కార్పు చేపలతో గుడ్లు పెట్టించారు. వరద ఇచ్చే కబురును సూది ఇచ్చింది. చెరువుల్లో అది చాలు, నదిలో చాలదు.

1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ 1967 నుంచి పల్నాడు మెట్టకు నీళ్లిచ్చింది. ఆ మేలు తక్కువది కాదు. నదికి మాత్రం పైన లోతైన నిలవనీరు, కింద సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ జలాశయం, ఆ తర్వాత పులిచింతల జలాశయం మిగిలాయి. పారే కృష్ణ వరస చెరువులైంది. కరెంటు కోసం వదిలినప్పుడు నీరు పెరుగుతుంది, ఆపితే తగ్గుతుంది. ఒడ్డువారన పెట్టిన గుడ్లు ఎండిపోతాయి. సముద్రంలో పుట్టి నదిలో పెరిగే మలుగుపాముకు దారి మూసుకుపోతుంది. నిలవనీటిలో హాయిగా బతికే తిలాపియాలాంటి పరాయి చేపకు అదే అనువు.

జలాశయంలో చేపపిల్లల్ని వదలడం మంచిదే. దానివల్ల వలకు చేప దొరుకుతుంది, నది మాత్రం తిరిగి రాదు. పైనుంచి నీరు బాగా వచ్చిన ఏడాదైనా జూలై, ఆగస్టుల్లో కొన్ని రోజులు నీటిని సహజ వరదలాగా మెల్లగా పెంచి, మెల్లగా తగ్గిస్తూ వదలాలి. వాగుల పక్క ఊళ్లవాళ్లకు ఒక్క మనవి: వేసవిలో మిగిలిన మడుగును ఇంజను పెట్టి తోడి చేపలు పట్టకండి. వచ్చే ఏటి విత్తనం ఆ మడుగులోనే ఉంది.